రాణిగంజ్‌లో కొన్న పంపు: షాపుకి, పంపుకి, బిగించిన మెకానిక్‌కి కలిపి ఒకటే రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇంటి బోరుకో పొలం మోటారుకో పంపు కొనేవాళ్లకి ఇది పెద్దగా పనికిరాదు. నేను గుంటూరు పక్కన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో మెయింటెనెన్స్ చూస్తాను. అమ్మోనియా కండెన్సర్ల (కూలింగ్‌కి వాడే అమ్మోనియా తన వేడిని వదిలే భాగాలు) మీద నీళ్లు తిప్పే పంపు మార్చాల్సి వచ్చి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక షాపులో కొన్నాం. షాపు పేరూ పంపు కంపెనీ పేరూ రాయను, ఎందుకంటే వాళ్ల మీద నాకు కొన్ని కంప్లయింట్లు కూడా ఉన్నాయి, పైగా పేరున్న ఏ కంపెనీ పంపు తీసుకున్నా కింద చెప్పేవేవీ మారవు. మార్కులు అడిగితే షాపుకి అయిదుకి నాలుగున్నర, పంపుకి నాలుగు, బిగింపుకి నాలుగు, డెలివరీకి రెండు.

పాత పంపు సంగతి చెప్పకపోతే షాపుకి ఎందుకు అన్ని మార్కులు వేశానో అర్థం కాదు. అది 15 హెచ్‌పీ పంపు. ప్లాంటు పనులు చేసిన డీలరు అప్పట్లో అంటగట్టి వెళ్లాడు. నేమ్‌ప్లేట్ మీద గంటకి 100 ఘనపు మీటర్లు, హెడ్ 24 మీటర్లు అని ఉంటుంది. హెడ్ అంటే నీళ్లు ఎక్కాల్సిన ఎత్తూ, దారిలో పోయే ప్రెషరూ కలిపి మీటర్లలో చెప్పే లెక్క. దాని డెలివరీ గేట్‌వాల్వ్ (నీళ్లు బయటికెళ్లే వైపు ఉండేది) ఎప్పుడూ సగానికి పైగా మూసే ఉండేది, హ్యాండ్‌వీల్‌కి తీగ చుట్టి మరీ. పూర్తిగా తెరిస్తే కాసేపటికి మోటారు కాలకుండా కరెంటు ఆపే ఓవర్‌లోడ్ రిలే కొట్టేసేది. మా ఆపరేటర్ బాబాయ్‌ని అడిగితే "దాని తత్వమే అంత, ముట్టుకోకు" అనేవాడు. మోటారు రీవైండింగ్, బేరింగులు, షాఫ్ట్ స్లీవ్ (షాఫ్ట్ మీది తొడుగు), ఏటా ఏదో ఒకటి. మార్చి నుంచి మే దాకా టిక్కీలు (మిర్చి బస్తాలు) లోపలికి దిగే సీజన్‌లో పంపు ఆగితే అమ్మోనియా డిశ్చార్జ్ ప్రెషర్ చూస్తుండగానే 200 పీఎస్‌ఐ దాటిపోతుంది, కంప్రెసర్ ఆపుకోవాలి, అప్పుడు యజమాని దగ్గర్నుంచి వచ్చే ఫోన్ల టెన్షన్ వేరు.

దాంతో కొత్తది చూడమన్నారు. గుంటూరులో, విజయవాడలో అడిగిన ప్రతిచోటా మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని హెచ్‌పీ కావాలి?" 15 అనగానే రేటు చెప్పేస్తారు. ఇంకొకాయన ఇంకో అడుగు ముందుకేసి "ట్రిప్ అవుతోందంటున్నారుగా, 20 వేసుకోండి, ఇక చూసుకోనక్కర్లేదు" అన్నాడు.

రాణిగంజ్ షాపులో కౌంటర్ దగ్గరున్న పెద్దాయన హెచ్‌పీ ఊసే ఎత్తలేదు. "సార్, నీళ్లు ఎక్కడ్నుంచి ఎక్కడికి పోవాలి?" అన్నాడు. సంప్‌లోంచి కండెన్సర్ పైకి అన్నాను. సంప్‌లో నీటిమట్టం ఎప్పుడు ఎంత ఉంటుంది, పైన స్ప్రే నాజిళ్లా తొట్లా, పైపు ఎన్ని ఇంచులు, ఎంత పొడవు, ఎన్ని బెండ్లు, నీళ్లు ఎంత వేడి, ఉప్పు నీళ్లా మంచి నీళ్లా, రోజుకి ఎన్ని గంటలు నడుస్తుంది. చెప్పినవన్నీ ఒక పాత బిల్లు వెనకాల రాసుకుని కూడాడు. సంప్ నీటిమట్టం నుంచి పైన నాజిల్ హెడర్ (నాజిళ్లకి నీళ్లు పంచే పైపు) దాకా ఆరున్నర మీటర్లు, నాజిల్ దగ్గర కావాల్సిన ప్రెషర్ మూడు మీటర్లు, పైపులూ బెండ్లూ వాల్వులూ తినేది రెండున్నర. మొత్తం 12 మీటర్లు. కండెన్సర్ తయారుచేసినవాళ్ల డ్రాయింగ్‌లో నీళ్లు గంటకి 100 ఘనపు మీటర్లని ఉంది, అంటే నిమిషానికి 1,667 లీటర్లు. "12 మీటర్ల పనికి 24 మీటర్ల పంపు పెట్టారు సార్, మిగతా 12 మీటర్లూ మీ గేట్‌వాల్వ్ దగ్గర కాలిపోతోంది" అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే చాలా ప్లాంట్లలో జనానికి ఈ లెక్క తలకిందులుగా నాటుకుపోయి ఉంటుంది. సెంట్రిఫ్యూగల్ పంపు (రెక్కల చక్రం తిప్పి నీళ్లు విసిరే రకం) మీద హెడ్ పెరిగితే మోటారు మీద లోడ్ పెరుగుతుందని, తగ్గితే తేలికవుతుందని అనుకుంటారు. మా దగ్గరుండే రకం పంపుల్లో జరిగేది దానికి రివర్స్. హెడ్ తగ్గేకొద్దీ పంపు ఎక్కువ నీళ్లు తోస్తుంది, నీళ్లు పెరిగేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది. అందుకే మా పాత పంపు వాల్వు పూర్తిగా తెరిస్తే గంటకి 150 ఘనపు మీటర్ల దాకా పరిగెత్తి మోటారుని ముంచేసేది. వాల్వు బిగిస్తే ఆంప్స్ దిగేవి. నమ్మకం కుదరకపోతే మీ ప్లాంటులో పంపుకి క్లాంప్ మీటర్ (ఆంప్స్ కొలిచేది) తగిలించి డెలివరీ వాల్వు కొద్దికొద్దిగా మూస్తూ చూడండి, అంకె కిందికి దిగుతుంది. కానీ ఈ ప్రయోగం గేర్ పంపు మీద, ప్లంజర్ పంపు మీద చచ్చినా చేయకండి. అవి తిరిగిన ప్రతి చుట్టుకీ కొలిచినట్టు ఇంత అని తోసేస్తాయి, ముందు దారి మూసినా తోస్తూనే ఉంటాయి, రిలీఫ్ వాల్వు లేకపోతే పైపో పంపో ఏదో ఒకటి పగులుతుంది. మా అమ్మోనియా కంప్రెసర్‌లో ఆయిల్ పంపు గేర్ పంపే. ఒకే షెడ్డులో రెండు జాతులూ ఉంటాయి, రెండిటి స్వభావం వేరు.

ఆ పెద్దాయన కంపెనీ కేటలాగ్ తీసి కర్వ్ చూపించాడు. అడ్డంగా నీళ్లు, నిలువుగా హెడ్, ఎడమ నుంచి కుడికి వంగుతూ దిగే గీత. దాని మీదే మన పైపులైను గీత ఇంకొకటి, ఇది కింద నుంచి పైకి లేస్తుంది. రెండూ కలిసిన చోటే పంపు నడుస్తుంది, నేమ్‌ప్లేట్ మీద ఏం రాసున్నా సరే. పంపు ఎక్కడ నడవాలో చెప్పేది పంపు ఒక్కటే కాదు, పైపులైను కూడా. ఇదంతా ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఉన్నదే, కాకపోతే నేనడిగిన ఏ షాపులోనూ కర్వ్ తీసి చూపించినవాడు లేడు. ఒకచోట కర్వ్ ఇమ్మంటే "ఎందుకండీ, గ్యారంటీ ఇస్తున్నాంగా" అన్నారు.

పాతదాన్నే బాగుచేసుకోవచ్చా అని కూడా అడిగాను. కొత్తది అమ్ముకోవాలని చూసేవాడైతే అక్కడే మాట దాటేస్తాడు. ఈయన లెక్క చెప్పాడు. ఇంపెల్లర్‌ని (లోపల తిరిగే రెక్కల చక్రాన్ని) లేత్ మీద పది శాతం తరిగితే హెడ్ సుమారు 19 శాతం, కరెంటు సుమారు 27 శాతం తగ్గుతాయి, అది మంచి పద్ధతే, ఖర్చూ తక్కువే. కానీ 24 నుంచి 12కి రావాలంటే దాదాపు 29 శాతం తరగాలి, అంత తరిగితే ఇంపెల్లర్‌కీ బాడీకీ మధ్య ఖాళీ పెరిగిపోయి ఎఫిషియెన్సీ దెబ్బతింటుంది. "18 మీటర్లు కావాల్సినవాళ్లయితే తరిగించుకోమనేవాణ్ణి, మీకు కుదరదు" అన్నాడు. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) మాట నేనే ఎత్తాను, ఈమధ్య అందరి నోటా అదేగా. రోజంతా ఒకే లెక్కన నీళ్లు కావాల్సిన చోట, అందులోనూ ఎత్తుకే సగానికి పైగా హెడ్ పోయేచోట డ్రైవ్ పెట్టి ఏం మిగుల్చుకుంటారని ఎదురడిగాడు. డ్రైవులు కూడా అదే షాపులో అమ్ముతారు, కావాలంటే నాకు అంటగట్టొచ్చు. నాలుగున్నర మార్కుల్లో పెద్ద భాగం ఇందుకే.

చివరికి తీసుకున్నది 7.5 హెచ్‌పీ, ఫోర్ పోల్, అంటే 1,450 ఆర్‌పీఎం చిల్లర తిరిగే ఎండ్ సక్షన్ (ఒక చివర నుంచి నీళ్లు తీసుకునే) పంపు. బ్యాక్ పుల్ అవుట్ రకం, అదేంటో కింద చెప్తాను. కాస్ట్ ఐరన్ బాడీ, కంచు ఇంపెల్లర్, ఐఈ3 (కరెంటు తక్కువ తినే తరగతి) మోటారు. 15 తీసి ఏడున్నర పెడుతున్నామంటే మా యజమాని మొహం చూడాలి. "సగం సైజు పంపు తెచ్చి సీజన్‌లో నన్ను ముంచుతావా" అన్నారు. ఆయనకి రాసి చూపించిన లెక్క ఇదే, మీకూ పనికొస్తుంది: గంటకి ఘనపు మీటర్లు ఇంటూ హెడ్ మీటర్లు, దాన్ని 367తో భాగించి, మళ్లీ పంపు ఎఫిషియెన్సీతో భాగిస్తే షాఫ్ట్ దగ్గర కావాల్సిన కిలోవాట్లు వస్తాయి. 100 ఇంటూ 12, ఎఫిషియెన్సీ 0.76 అనుకుంటే సుమారు 4.3 కిలోవాట్లు. ఏడున్నర హెచ్‌పీ అంటే 5.5 కిలోవాట్లు, ఇంకా జాగా మిగిలే ఉంది. పాతదానికి అదే లెక్క కడితే 8.6 కిలోవాట్ల దాకా వస్తుంది. నీళ్లు రెండింటిలోనూ అంతే.

పంపు గురించి. బ్యాక్ పుల్ అవుట్, స్పేసర్ కప్లింగ్ (మోటారునీ పంపునీ కలిపేది, మధ్య ముక్క ఊడదీయొచ్చు) ఉంటే సక్షన్, డెలివరీ పైపులు ముట్టుకోకుండా, మోటారు కదపకుండా లోపలి సరుకంతా వెనక్కి లాగేయొచ్చు. మోనోబ్లాక్ (పంపూ మోటారూ ఒకే ముక్కగా వచ్చేది) చవక, చోటు తక్కువ పడుతుంది, రెండు షాఫ్టుల్నీ ఒకే గీతలోకి తెచ్చే అలైన్‌మెంట్ గొడవే ఉండదు, చిన్న పనులకి దాన్ని నేనేం తప్పుపట్టను. కానీ సీజన్‌లో రాత్రీపగలూ నడిచేదానికి, మోటారు కాలితే మార్కెట్‌లో దొరికే మామూలు ఫుట్ మౌంటెడ్ మోటారు తెచ్చి కూర్చోబెట్టే వీలు ఉండాలి. షాఫ్ట్ పక్కనుంచి నీళ్లు కారిపోకుండా ఆపడానికి మెకానికల్ సీల్ వద్దని గ్లాండ్ ప్యాకింగే (షాఫ్ట్ చుట్టూ కుక్కే తాడు) తీసుకున్నాం. మా సంప్ పైకప్పు లేనిది, దుమ్మూ ఇసుకా ఎగిరొచ్చి పడుతుంటాయి, సీల్ మొహాలు త్వరగా గీసుకుపోతాయి. గ్లాండ్ అయితే తాడు మార్చుకుంటే అయిపోయింది. ఒక్కటే పేచీ, గ్లాండ్ దగ్గర నీళ్లు చుక్కచుక్కగా కారుతూనే ఉండాలి, ఆ నీళ్లే తాడుని చల్లబరిచేది. షెడ్డు తడిగా ఉందని బాబాయ్ స్పానర్ తీసుకుని చుక్క రాకుండా బిగించేస్తాడు, తాడు మాడి స్లీవ్ మీద గాడులు పడతాయి. పాత పంపుకి ఏటా స్లీవ్ మార్చింది ఈ పుణ్యం వల్లే. ఇప్పుడు కింద ఒక చిన్న ట్రే పెట్టి డ్రెయిన్‌లోకి గొట్టం వేశాం, ఆయనకీ శాంతి, స్లీవ్‌కీ శాంతి.

పంపుకి ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే కప్లింగ్ గార్డు. రేకు మరీ పల్చన, వేలితో నొక్కితే వంగుతోంది. మనుషులు పక్కనుంచి తిరిగే చోట అది అలంకారానికి పెట్టేది కాదు కదా. మేమే వెల్డింగ్ షాపులో మందం రేకుతో చేయించుకున్నాం. సక్షన్ వైపు, డెలివరీ వైపు గేజ్‌లు కూడా వేరే కొనుక్కోవాల్సి వచ్చింది. గేజ్ లేని పంపుకి జ్వరం వచ్చినా తెలుసుకునే దారి ఉండదు, ఆ రెండూ పంపుతో పాటే ఇవ్వాలని నా అభిప్రాయం.

బిగించడానికి షాపువాళ్లే మెకానిక్‌ని పంపారు, ఛార్జీలు విడిగా. కుర్రాడే, కానీ పనిమంతుడు. వచ్చీరాగానే పంపు కంటే ముందు సక్షన్ లైను చూసి పెదవి విరిచాడు. పాత సక్షన్ పైపు 4 ఇంచులు. అందులో గంటకి 100 ఘనపు మీటర్లు పోవాలంటే నీళ్లు సెకనుకి 3 మీటర్ల పైనే పరిగెత్తాలి, సక్షన్‌లో అది చాలా ఎక్కువ. 6 ఇంచులు చేస్తే ఒకటిన్నరకి దిగుతుంది. పైగా పంపు నోటి దగ్గరే ఎల్బో, దాని తర్వాత మామూలు రెడ్యూసర్ (పెద్ద పైపుని చిన్న నోటికి కలిపే ముక్క). ఆ రెడ్యూసర్ పైభాగంలో గాలి చేరి నిలబడిపోతుందని, ఎక్సెంట్రిక్ రెడ్యూసర్ వేసి చదునుగా ఉండే వైపు పైకి పెట్టాలని, ఎల్బోని వెనక్కి జరిపి మధ్యలో తిన్నని పైపు ఉంచాలని అన్నాడు. ఇవి చేయకపోతే కొత్త పంపు కూడా పాతదాని దారే పడుతుందని మొహమాటం లేకుండా చెప్పాడు. ఫ్యాబ్రికేషన్‌కి మాకు అదనంగా ఖర్చయింది, ఇది ముందు కొటేషన్‌లో లేదు, అందుకే బిగింపుకి ఒక మార్కు కోత. షాపులో అన్ని ప్రశ్నలు అడిగిన పెద్దాయన సక్షన్ రెడ్యూసర్ ఎలాంటిదో కూడా అడిగి ఉంటే బాగుండేది.

సక్షన్ గురించి ఇంత రాద్ధాంతం ఎందుకంటే, పంపు నీళ్లని లాగదు. ఇంపెల్లర్ నోటి దగ్గర ప్రెషర్ తగ్గిస్తుంది, సంప్ మీదున్న గాలి బరువే నీళ్లని పైకి నెడుతుంది. ఆ గాలికున్న సత్తా సముద్రమట్టం దగ్గర 10.3 మీటర్లు, అంతే. అందులోంచి మా సంప్ లోతు రెండు మీటర్లు, ఫుట్‌వాల్వూ పైపూ తినేది ఒకటి, 35 డిగ్రీల నీళ్ల ఆవిరి ప్రెషర్ మరో అర మీటరు పైన పోతే ఆరున్నర చిల్లర మిగిలింది. కర్వ్ ప్రకారం ఈ పంపుకి కావాల్సింది రెండున్నర. బేఫికర్. కానీ అదే నీళ్లు 80 డిగ్రీల వేడి ఉంటే ఒక్క ఆవిరికే దాదాపు అయిదు మీటర్లు పోతుంది. రైస్ మిల్లుల్లో బాయిలర్ ఫీడ్ ట్యాంకుని పంపు కంటే ఎత్తులో ఎందుకు కూర్చోబెడతారో ఇప్పుడు మీకే తెలుస్తుంది. ఈ లెక్క తప్పిన పంపులో నీళ్లు లోపలే మరిగి బుడగలై, ఆ బుడగలు ఇంపెల్లర్ మీద పేలతాయి, లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు. మా పాత పంపు విప్పి ఇంపెల్లర్ బయటికి తీస్తే, రెక్కల మొదట్లో కంచు మీద వేలి గోరు దిగేంత గుంటలు, ఒక రెక్క అంచు పూర్తిగా తినేసి ఉంది. బాబాయ్ అది తుప్పు అన్నాడు. కంచుకి ఆ రకంగా ఒకేచోట తుప్పు పట్టదు.

మెకానిక్ చేసిన ఇంకో మంచి పని, ఫ్లాంజ్ బోల్టులు బిగించాక మళ్లీ వదులు చేసి చూడటం. వదలగానే పైపు ఒక పక్కకి ఎగిరింది, అంటే పైపు బరువంతా పంపు మెడ మీద ఉందన్నమాట. సపోర్టు వేయించి, ఫ్లాంజులు వాటంతటవే ఎదురెదురుగా నిలబడ్డాకే బిగించాడు. ఆ తర్వాతే డయల్ గేజ్ పెట్టి అలైన్‌మెంట్. స్కేలు ఆనించి కంటితో చూసి "ఓకే" అనేవాళ్లనే నేను ఇన్నాళ్లూ చూశాను. కప్లింగ్ కలపకముందే మోటారు ఒక్క క్షణం వేసి ఏ వైపు తిరుగుతోందో చూశాడు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, సెంట్రిఫ్యూగల్ పంపు ఉల్టా తిరిగినా కొన్ని నీళ్లు వస్తూనే ఉంటాయి, దాంతో నెలల తరబడి పంపు బాలేదని తిట్టుకుంటూ కూర్చునేవాళ్లు ఉన్నారు.

ఫలితం ఏంటంటే, పాతదానికి వాల్వు సగం మూసి ఉంచినా 17 ఆంప్స్ దగ్గర ఉండేది, ఇప్పుడు వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నా ఎనిమిది, ఎనిమిదిన్నర. కండెన్సర్ మీద నీళ్లు తగ్గలేదు, అమ్మోనియా ప్రెషర్ కూడా ఎప్పటిలాగే ఉంది. మోటారు నష్టాలు కలుపుకుంటే గంటకి అయిదు యూనిట్లకి పైనే తేడా. రోజుకి 16 గంటలు, యూనిట్ 8 రూపాయలు అనుకుని మీరే కట్టుకోండి, నెలకి 20 వేలకి అటూఇటుగా తేలుతుంది. యజమాని ఇప్పుడు పంపు మాట ఎత్తట్లేదు, ఆయన దగ్గర అదే పెద్ద సర్టిఫికెట్.

పెద్ద పంపంటే గొప్ప అనుకునేవాళ్లకి పట్టిసీమ గుర్తుచేస్తాను. అక్కడ 24 పంపులు కలిసి 8,500 క్యూసెక్కులు తోడతాయి, ఎత్తు చూస్తే మరీ ఎక్కువేం కాదు. కాళేశ్వరంలో గాయత్రి పంప్‌హౌస్‌లో ఒక్కో పంపు మోటారు 139 మెగావాట్లు, నీళ్లు ఎక్కాల్సింది వంద మీటర్ల పైన. అక్కడైనా ఇక్కడైనా నీళ్లెన్ని, ఎత్తెంత అన్నది తేలాకే మోటారు సైజు. ఏడున్నర హెచ్‌పీ దగ్గరకొచ్చేసరికి మాత్రం మనం రివర్స్‌లో మొదలుపెడతాం.

ఇక షాపుతో ఇబ్బందులు. రేటు విజయవాడలో చెప్పినదానికంటే కాస్త ఎక్కువే, బేరానికి పెద్దగా లొంగరు. ట్రాన్స్‌పోర్టులో వేశామని చెప్పాక పంపు ఎక్కడుందో వాళ్లకీ తెలియలేదు, లారీ ఆఫీసుకి మేమే ఫోన్లు చేసుకున్నాం, బేస్‌ఫ్రేమ్ ఒక మూల వంగి వచ్చింది. అడిగితే ట్రాన్స్‌పోర్టు వాళ్ల మీదకి నెట్టారు. టెస్ట్ సర్టిఫికెట్ అడిగితే గానీ ఇవ్వలేదు, అడిగి తీసుకోండి, అందులో మీ పంపు నంబరు ఉందో లేదో చూసుకోండి, వేరే పంపు కాగితం పెట్టేసే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది. సాయంత్రం షట్టర్ దించాక ఫోన్ ఎత్తరు. రాణిగంజ్‌లో పార్కింగ్ సంగతి తెలిసిందే, కారు వేసుకుని వెళ్లకండి.

మరొక్క విషయం పెద్దాయన బిల్లు మీదే ఎర్ర పెన్నుతో రాసిచ్చాడు. పాత పంపుని స్టాండ్‌బైగా ఉంచుకున్నాం కదా, రెండూ ఒకేసారి వేయొద్దని. రెండూ కలిపితే నీళ్లు రెట్టింపవుతాయని అనుకుంటాం గానీ, 24 మీటర్ల పంపు ఒకే హెడర్‌లో ప్రెషర్ పెంచేస్తే 12 మీటర్ల పంపు దాన్ని తోసుకుని బయటికి రాలేదు, దాని నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) మూసుకుపోయి లోపలున్న నీళ్లే తిరిగి తిరిగి వేడెక్కుతాయి. స్టార్టర్ల దగ్గర ఒకటి ఆన్‌లో ఉంటే రెండోది పడకుండా ఇంటర్‌లాక్ పెట్టించాం.

వెళ్లాలనుకునేవాళ్లు పాత నేమ్‌ప్లేట్ ఫోటో ఒక్కటే పట్టుకుని వెళ్లొద్దు. సంప్‌లో నీళ్లు బాగా తగ్గినప్పటి మట్టం నుంచి పైన నీళ్లు పడేచోటు దాకా టేపుతో కొలిచి రాసుకోండి, పైపు సైజులు, బెండ్ల లెక్క, సక్షన్ వైపు రెండు మూడు ఫోటోలు, కొత్త మోటారు పడాలంటే స్టార్టర్, కేబుల్ వివరాలు. ఇవి లేకుండా వెళ్తే ఆ పెద్దాయన టీ ఇప్పించి, "కొలిచి ఫోన్ చేయండి సార్" అని వెనక్కి పంపించేస్తాడు.